విదేశీ విద్యార్థిగా విశ్వవిద్యాలయ నాయకత్వ శిక్షణ: దరఖాస్తు నుంచి బాధ్యతల అప్పగింత దాకా

విశ్వవిద్యాలయాలు నడిపే నాయకత్వ శిక్షణ కార్యక్రమాల ప్రకటనలు చదివితే అవి అందరికీ ఒకేలా తెరిచి ఉన్నట్టు కనిపిస్తాయి. లోపలికి వెళ్లాక మాత్రం, వేరే దేశం నుంచి వచ్చి, రెండో భాషలో చదువుకుంటూ, వీసా షరతులకు లోబడి మసలుకునే విద్యార్థికి ఆ కార్యక్రమం స్థానిక విద్యార్థికి ఉన్నంత సులువుగా ఉండదని రెండు మూడు సమావేశాల్లోనే తెలిసివస్తుంది. పరాయి దేశంలో పీజీ చదివే రోజుల్లో నేను ఇలాంటి ఏడాది కార్యక్రమం ఒకటి పూర్తిచేసి, మరుసటి ఏడాది అదే కార్యక్రమంలో కొత్తవారికి విద్యార్థి మెంటర్‌గా పనిచేశాను. నేను చేసిన పొరపాట్లనే నా తర్వాత వచ్చిన విదేశీ విద్యార్థులూ వరుసగా చేస్తుంటే, వాటికి కారణం మనుషుల స్వభావం కాదనీ, వాళ్లున్న పరిస్థితి అనీ అర్థమైంది. అన్నిటిలోకి పెద్ద పొరపాటు ఒకటే: బాగా పనిచేస్తే చాలు, ఆ పని దానంతటదే నలుగురికీ తెలుస్తుందనుకోవడం. తెలియదు. అందుకే ఇక్కడ చెప్పబోయే అడుగుల్లో చాలావరకు, మీ స్వభావాన్ని మార్చుకోకుండానే మీ ఆలోచననూ పనినీ ఎదుటివారి దృష్టికి తీసుకురావడం గురించే ఉంటాయి.

మొదటి అడుగు: అది ఏ రకం కార్యక్రమమో తెలుసుకోండి

నాయకత్వ శిక్షణ అన్న ఒక్క పేరు కింద నాలుగైదు వేర్వేరు వ్యవస్థలు నడుస్తుంటాయి. సాయంత్రాల్లో జరిగే వర్క్‌షాపుల్లో ఇన్నింటికి హాజరైతే సర్టిఫికెట్ ఇచ్చేవి కొన్ని. క్రెడిట్లున్న కోర్సుగానో, ప్రధాన చదువుకు తోడుగా చదివే ఉపవిషయం (మైనర్) గానో నడిచేవి మరికొన్ని. దరఖాస్తులు వడపోసి పాతికమందినో ముప్పైమందినో ఎంపిక చేసి, వారిని ఏడాదిపాటు ఒకే జట్టుగా నడిపించేవి ఇంకొన్ని. ఇవి కాక, విద్యార్థి సంఘంలో పదవి, హాస్టల్ విద్యార్థుల బాగోగులు చూసే ఉద్యోగం, కొత్త విద్యార్థులకు క్యాంపస్ పరిచయం చేసే బాధ్యత వంటివి శిక్షణతో కూడిన పదవులు. నాయకత్వాన్ని పూర్తిస్థాయి చదువుగా బోధించే చోట్లు కూడా ఉన్నాయి. అమెరికాలోని రిచ్‌మండ్ విశ్వవిద్యాలయం 1992లోనే డిగ్రీ విద్యార్థుల కోసం జెప్సన్ స్కూల్ పేరిట ప్రత్యేక విభాగాన్ని ప్రారంభించింది.

మీకు ఏది సరిపోతుందో నిర్ణయించుకునే ముందు నిర్వాహకులను మూడు విషయాలు అడగండి. వారానికి సగటున ఎన్ని గంటలు పడుతుంది, అందులో సమావేశాల సమయమెంత, బయట చేయాల్సిన పని ఎంత? చివరికి చేతికి వచ్చేది ఏమిటి: ట్రాన్‌స్క్రిప్టులో (అధికారిక మార్కుల పత్రంలో) నమోదా, సర్టిఫికెట్టా, లేక మీరు నడిపిన ప్రాజెక్టు మాత్రమేనా? గత రెండేళ్లలో విదేశీ విద్యార్థులు ఎందరు చేరారు, ఎందరు చివరిదాకా ఉన్నారు? ఈ మూడో ప్రశ్నకు వచ్చే జవాబు కన్నా, జవాబు చెప్పేటప్పుడు వారు తడబడతారా లేదా అన్నది మీకు ఎక్కువ విషయం చెబుతుంది.

అడుగుపెట్టిన మొదటి సెమిస్టర్‌లోనే చేరాలా అని చాలామంది అడుగుతారు. వర్క్‌షాపులైతే చేరవచ్చు, ఏడాది జట్టు అయితే వద్దనే నా అభిప్రాయం. కొత్త సంస్కృతిలోకి వచ్చినవారు మొదట ఒక ఉత్సాహ దశను, ఆ తర్వాత ఒక నిస్పృహ దశను దాటుకుని మెల్లగా కుదురుకుంటారని మానవ శాస్త్రజ్ఞుడు కాలెర్వో ఓబెర్గ్ 1960లో ప్రచురించిన వ్యాసంలో వివరించాడు. ఉత్సాహ దశలో ఒప్పుకున్న బాధ్యతలన్నీ నిస్పృహ దశలో మెడకు చుట్టుకుంటాయి. ఒక సెమిస్టర్ పరీక్షలు రాసి, ఆ విశ్వవిద్యాలయం మీ దగ్గర నుంచి ఎంత చదువు ఆశిస్తుందో చూశాక చేరినవారే నిలదొక్కుకోవడం నేను గమనించాను.

రెండో అడుగు: దరఖాస్తుకు ముందే వీసా లెక్క తేల్చుకోండి

స్థానిక విద్యార్థి ఈ అడుగు గురించి ఆలోచించనక్కర్లేదు. మీరు మాత్రం దీన్ని దాటవేస్తే, మిగతా అడుగులన్నీ ఎంత బాగా వేసినా ప్రయోజనం ఉండదు. నాయకత్వ కార్యక్రమాల్లో చాలావాటికి స్టైపెండ్ ఉంటుంది. కొన్నింటిలో డబ్బు బదులు ఉచిత వసతి, ఫీజు రాయితీ వంటివి ఇస్తారు. ప్రకటనలో దాన్ని గౌరవ భృతి అన్నా, పురస్కారం అన్నా, వలస చట్టం ఆ పేరును పట్టించుకోదు. మీరు చేసే పనికి ప్రతిఫలంగా అందేది ఉద్యోగ వేతనం కిందికి వస్తుందా రాదా అన్నదే చూస్తుంది.

దేశాన్నిబట్టి ఈ లెక్క మారుతుంది. అమెరికాలో ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవారు తరగతులు జరిగే కాలంలో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. డిగ్రీ స్థాయిలో సెమిస్టర్‌కు సాధారణంగా కనీసం 12 క్రెడిట్లు చదువుతూ ఉండాలి. బ్రిటన్‌లో డిగ్రీ, ఆపై స్థాయి చదువులకు సాధారణంగా టర్మ్ రోజుల్లో వారానికి 20 గంటల పరిమితి ఉంది. అక్కడ జీతం లేకుండానే ఒప్పందం ప్రకారం చేసే పని కూడా ఆ 20 గంటల్లో లెక్కకు వస్తుందన్న సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. అదే బ్రిటన్‌లో విద్యార్థి సంఘానికి ఎన్నికైన పూర్తికాల ప్రతినిధిగా రెండేళ్ల వరకు పనిచేయడానికి విద్యార్థి వీసా వీలు కల్పిస్తుంది. ఆస్ట్రేలియాలో 2023 జూలై నుంచి రెండు వారాలకు 48 గంటలు, కెనడాలో 2024 నవంబరు నుంచి క్యాంపస్ వెలుపల వారానికి 24 గంటలు అన్న పరిమితులు అమల్లోకి వచ్చాయి. ఇవి తరచూ మారే అంకెలు కాబట్టి దరఖాస్తు చేసే రోజున మళ్లీ సరిచూసుకోండి.

మీరు ఇప్పటికే గ్రంథాలయంలోనో ప్రయోగశాలలోనో వారానికి పదిహేను గంటలు పనిచేస్తూ ఉంటే, స్టైపెండ్ ఉన్న నాయకత్వ బాధ్యత మరో ఎనిమిది గంటలు కోరితే, రెండూ కలిసి పరిమితి దాటిపోతాయి. ఈ రెంటినీ కలిపి చూసే మనిషి ఎవరూ ఉండరు. గ్రంథాలయానికి నాయకత్వ కార్యక్రమం సంగతి తెలియదు, కార్యక్రమానికి గ్రంథాలయం సంగతి తెలియదు. కలిపి చూసుకోవాల్సింది మీరే. అందువల్ల కార్యక్రమం వివరణ పత్రం, ఇచ్చే ప్రతిఫలం, పట్టే గంటలు, మీ ప్రస్తుత ఉద్యోగ గంటలు నాలుగూ ఒకే ఈమెయిల్‌లో రాసి, విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే కార్యాలయానికి పంపండి. నోటిమాటగా వచ్చిన అనుమతిని నమ్ముకోకండి. రాతపూర్వకంగా జవాబు తెప్పించుకుని భద్రపరచండి. శిక్షణలో భాగంగా సరిహద్దు దాటే యాత్ర ఏదైనా ఉందేమో కూడా ఇప్పుడే అడగండి, ఎందుకంటే ఇరవైమంది జట్టులో తిరిగి రావడానికి కొత్త వీసా ముద్ర కావాల్సింది మీ ఒక్కరికే కావచ్చు.

మూడో అడుగు: దరఖాస్తు వ్యాసం, ఇంటర్వ్యూ

దరఖాస్తులో విదేశీ విద్యార్థులు పడే ఉచ్చులు రెండు. మొదటిది పదవుల జాబితా. మీ పాత కళాశాలలో ఆ పదవికి ఎంత బరువుందో ఎంపిక సంఘానికి తెలియదు. వెయ్యిమంది ఓట్లు వేసి గెలిపించిన పదవీ, అధ్యాపకుడు వేలు చూపి ఇచ్చిన పదవీ కాగితం మీద ఒకేలా కనిపిస్తాయి. రెండోది, వేరే దేశం నుంచి రావడమే తన అర్హత అన్నట్టు వ్యాసమంతా దాని చుట్టూ తిప్పడం. సంఘం కూడా కొన్నిసార్లు అదే కోరుకుంటున్నట్టు కనిపిస్తుంది గానీ, ఆ తలుపు గుండా లోపలికి వెళ్లినవారిని ఏడాది పొడవునా అదే గదిలో కూర్చోబెడతారు.

వీటికి బదులుగా ఒకే ఒక సంఘటన ఎంచుకోండి. అది పెద్దది కానక్కర్లేదు. ప్రయోగశాలలో ఇద్దరు సభ్యులు మాట్లాడుకోవడం మానేసినప్పుడు పని ఆగిపోకుండా మీరు చేసిన ఏర్పాటు, పరీక్షల ముందు నడిపిన చదువు బృందం నాలుగో వారానికి ఎందుకు కూలిపోయింది, దాన్ని మళ్లీ ఎలా నిలబెట్టారు అన్నది చాలు. పరిస్థితి ఏమిటో రెండు వాక్యాల్లో, మీరు ఏం చేశారో నాలుగైదు వాక్యాల్లో, ఏది బెడిసికొట్టిందో దాచకుండా, ఆ తర్వాత మీ పద్ధతిలో వచ్చిన మార్పేమిటో స్పష్టంగా రాయండి. బెడిసికొట్టిన భాగాన్ని వదిలేస్తే వ్యాసం ప్రశంసాపత్రంలా తయారవుతుంది.

ఇంటర్వ్యూలో మన భాష మనకు ఒక చిక్కు తెస్తుంది. తెలుగులో మేము అనడానికీ మనం అనడానికీ ఉన్న తేడా మనకు పుట్టుకతో తెలుసు. నేను చేశాను అని పదేపదే అనడం మాత్రం మనలో చాలామందికి నోరు రాని పని. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఆ వినయమంతా ఒకే బహువచనంగా మారిపోతుంది. నా మొదటి ఇంటర్వ్యూలో ప్రతి జవాబులోనూ మేము అంటూ పోతుంటే, చివరకు ఒక సభ్యురాలు నవ్వుతూనే, ఆ మేములో మీరు ఎక్కడున్నారని అడిగింది. అప్పటికప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఆ ఏడాది ఎంపిక కాలేదు కూడా. మరుసటిసారి ప్రతి సంఘటనకూ రెండు నిలువు వరుసలు గీసుకుని, ఒకదానిలో జట్టు చేసిన పని, రెండోదానిలో నా చేతులతో నేను చేసిన పని రాసుకుని వెళ్లాను. ఇలా విడదీసి చెప్పడం గొప్పలు చెప్పుకోవడం కాదు. జట్టు వాటాను జట్టుకే ఇస్తున్నారు కాబట్టి ఒక విధంగా మరింత నిజాయితీ.

సిఫారసు లేఖ అడిగేటప్పుడు కనీసం మూడు వారాల వ్యవధి ఇవ్వండి. మీ వ్యాసం ప్రతితోపాటు, ఆ అధ్యాపకుల తరగతిలో మీరు చేసిన పనిని గుర్తుచేసే ఒక పేజీ జతచేయండి.

నాలుగో అడుగు: చర్చలో గొంతు వినిపించడం

ఇది అన్నిటికన్నా కష్టమైన అడుగు కాబట్టి కాస్త నిలిచి చూద్దాం. ఈ కార్యక్రమాలు ఎక్కువగా ఉపన్యాసాల మీద కాక గుండ్రంగా కూర్చుని చేసే చర్చల మీద నడుస్తాయి. మౌనంగా ఉన్న విదేశీ విద్యార్థిని గురించి గదిలోని మిగతావారు మూడు నాలుగు వారాల్లో ఒక అభిప్రాయానికి వచ్చేస్తారు: ఆసక్తి లేదు, లేదా సిద్ధపడి రాలేదు. నిజానికి ఆ విద్యార్థి అందరికన్నా ఎక్కువ చదివి వచ్చి ఉండవచ్చు.

మాట అందుకోలేకపోవడానికి పిరికితనం కన్నా కాలమానం ఎక్కువ కారణం. పది భాషల సంభాషణలను పోల్చి 2009లో ప్రచురించిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో, ఒకరి మాట ముగిసి మరొకరి జవాబు మొదలయ్యే మధ్య ఖాళీ సగటున సెకనులో అయిదో వంతు దగ్గర ఉన్నట్టు తేలింది. మాతృభాషలో ఒక్క పదాన్ని మనసులో వెతికి పలకడానికే అంతకన్నా ఎక్కువ సమయం పడుతుంది. అంటే వినేవారు ఎదుటివారు ముగించకముందే తమ జవాబు తయారుచేసుకుంటున్నారన్నమాట. రెండో భాషలో విని, అర్థం చేసుకుని, వాక్యం కూర్చుకునే వ్యక్తి ఆ చిన్న సందులో దూరడం ఎలా సాధ్యం? మీ వాక్యం సిద్ధమయ్యేసరికి చర్చ రెండు మలుపులు తిరిగిపోతుంది. ఇది మీ లోపం కాదని తెలుసుకోవడం వల్ల ధైర్యం మాత్రమే కాదు, ఉపాయమూ దొరుకుతుంది: వాక్యం పూర్తిగా సిద్ధం కాకముందే వంతు తీసుకోవాలి.

దానికి నేను వాడి ఫలితం చూసిన పద్ధతులు కొన్ని చెబుతాను. ముందుగా, వాక్యం తయారయ్యాక కాకుండా ఆలోచన మొదలవగానే చెయ్యి ఎత్తండి లేదా కొంచెం ముందుకు వంగండి. మీ వంతు వచ్చేలోపు వాక్యం తయారవుతుంది. వంతు రాగానే, ఇందాక ఫలానావారు చెప్పినదానికి ఒకటి చేర్చాలనుకుంటున్నాను అన్న అర్థం వచ్చే ఒక కంఠస్థ వాక్యంతో మొదలుపెట్టండి. నోరు ఆ వాక్యం చెబుతుండగా మనసు తర్వాతి వాక్యం వెతుక్కుంటుంది. సమావేశం మొదటి పది నిమిషాల్లోనే ఏదో ఒకటి మాట్లాడండి, అది ప్రశ్నే అయినా సరే. ఆలస్యమైనకొద్దీ మొదటి మాట మీద బరువు పెరిగి, అది అద్భుతంగా ఉండాలన్న ఒత్తిడి మీ మీద మీరే పెట్టుకుంటారు. చర్చాంశం ముందే తెలిస్తే రెండే రెండు విషయాలు ఒక చీటీ మీద రాసుకుని వెళ్లండి. అయిదు రాసుకుంటే ఏదీ చెప్పలేరు. చర్చ దాటిపోయిందనిపించినా వెనక్కు తీసుకురావడానికి సంకోచించకండి. ఇంతకుముందు మాట్లాడుకున్న విషయానికి ఒక్క నిమిషం తిరిగి వెళ్లవచ్చా అని అడిగినవారిని ఏ గదిలోనూ తప్పుబట్టగా నేను చూడలేదు. పైగా చాలాసార్లు ఆ విషయం నిజంగానే అసంపూర్తిగా మిగిలి ఉంటుంది.

శిక్షకులతో విడిగా ఒక మాట మాట్లాడటం కూడా మంచిది. ప్రశ్న వేశాక ఉపాధ్యాయులు సాధారణంగా ఒక సెకను మాత్రమే ఆగుతారనీ, దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవుగా, లోతుగా వస్తాయనీ, మునుపు నోరు విప్పనివారు కూడా మాట్లాడతారనీ అమెరికన్ విద్యావేత్త మేరీ బడ్ రో 1970ల్లోనే చూపించారు. అందువల్ల, చర్చకు ముందు అందరూ ఒక నిమిషం రాసుకునేలా చేయమని మీరు కోరితే అది మీకు ప్రత్యేక సదుపాయం అడిగినట్టు కాదు. నేను మెంటర్‌గా ఉన్న ఏడాది ఈ ఒక్క నిమిషం అమలుచేసినప్పుడు, దాని వల్ల ఎక్కువ లాభపడింది స్థానిక విద్యార్థుల్లో నెమ్మదస్తులే.

ఇదే దశలో కొలమానాలూ ప్రశ్నావళులూ మీ ముందుకు వస్తాయి. నాయకత్వ పరిశోధకులు కూజెస్, పోస్నర్ రూపొందించిన పద్ధతిలో అయిదు నాయకత్వ అలవాట్లను 30 వాక్యాలతో కొలుస్తారు. గాలప్ సంస్థ పరీక్ష మీ బలాలను 34 అంశాల్లో వరుస పెడుతుంది. వీటిని చదవండి, జాతకంలా నమ్మకండి. తమకు తాము తక్కువ మార్కులు వేసుకోవడం మర్యాదగా భావించే విద్యార్థులకు స్వీయ మూల్యాంకనంలో వచ్చే తక్కువ అంకె వినయాన్ని కొలిచినట్టే తప్ప సామర్థ్యాన్ని కొలిచినట్టు కాదు. మీతో పనిచేసినవారి చేత నింపించే పత్రం ఉంటే దాన్ని పక్కన పెట్టుకుని పోల్చండి. తేడా ఎక్కడుందో అక్కడే మాట్లాడుకోవాల్సిన విషయం ఉంటుంది. 1990ల నడుమ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజిలెస్‌లో హెలెన్, అలెగ్జాండర్ ఆస్టిన్ దంపతుల ఆధ్వర్యంలో తయారైన సామాజిక మార్పు నమూనా మాత్రం మనవంటివారికి కొంత దగ్గరగా ఉంటుందని నాకనిపిస్తుంది, ఎందుకంటే అది నాయకత్వాన్ని పదవిగా కాక పదిమంది కలిసి చేసే ప్రక్రియగా చూస్తుంది. అందులోని విలువల్లో ఒకటి, మర్యాద తప్పకుండా విభేదించడం. విభేదించడం కూడా ఒక విలువేనని గుర్తించడానికే నాకు కొన్ని నెలలు పట్టింది.

అయిదో అడుగు: జట్టు ప్రాజెక్టు

కార్యక్రమంలో సగం కాలం జట్టు ప్రాజెక్టుకు పోతుంది. మొదటి సమావేశంలోనే పనుల పంపకం జరుగుతుంది. విదేశీ విద్యార్థికి సాధారణంగా దక్కేవి మినిట్స్ (సమావేశంలో జరిగినదాని నమోదు) రాయడం, స్లైడ్లు తయారుచేయడం, లేదా వివిధ దేశాల సాంస్కృతిక సాయంత్రం. మొదటిదాన్ని తీసుకోండి, మూడోదాన్ని మీకు నిజంగా ఇష్టమైతే తప్ప వదిలేయండి.

మినిట్స్ రాయడాన్ని గుమాస్తా పనిగా చూడకండి. గంటన్నర మాట్లాడుకున్నాక ఏం నిర్ణయించుకున్నామో నలుగురికీ నాలుగు రకాలుగా గుర్తుంటుంది. చివరకు నిలిచేది రాసినదే. అయితే జరిగిన సంభాషణనంతా ఎక్కించే మినిట్స్‌ను ఎవరూ చదవరు. తీసుకున్న నిర్ణయం, పని ఎవరిది, ఏ తేదీకి, తేలకుండా మిగిలిన ప్రశ్న ఏది అన్న నాలుగు విషయాలే ఉండాలి. సమావేశం ముగియడానికి అయిదు నిమిషాల ముందు, నేను రాసుకున్నది ఒకసారి చదువుతాను, తప్పుంటే దిద్దండి అని చెప్పి పైకి చదవండి. ఆ అయిదు నిమిషాలు గది మీ చేతిలో ఉంటుంది, పైగా గొంతు పెంచే అవసరం లేకుండా. నేను జట్టులో లెక్కలోకి వచ్చింది ఈ పనితోనే.

విద్యార్థి సంఘాల అధికారిక సమావేశాల్లో, ముఖ్యంగా అమెరికాలో, రాబర్ట్స్ రూల్స్ అనే సభా నియమావళి వాడుకలో ఉంది. 1876లో దీన్ని తొలిసారి ప్రచురించిన హెన్రీ మార్టిన్ రాబర్ట్ ఒక సైనిక ఇంజనీరు. ఒక సభకు అధ్యక్షత వహించమంటే ఎలా నడపాలో తెలియక అవస్థపడి, ఆ తర్వాత నియమాలను అధ్యయనం చేయడం మొదలుపెట్టాడు. సభ నడపడం పుట్టుకతో వచ్చే విద్య కాదని నమ్మడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. నియమాల సారం చిన్నదే: ఒకరు ప్రతిపాదిస్తారు, మరొకరు బలపరుస్తారు, చర్చ జరుగుతుంది, ఓటు పడుతుంది. బలపరచడం అంటే ఆమోదించడం కాదు, చర్చకు అర్హమని ఒప్పుకోవడం మాత్రమే. ఒక చిన్న హెచ్చరిక: ప్రతిపాదనను టేబుల్ చేద్దాం అంటే అమెరికాలో ప్రస్తుతానికి పక్కన పెడదామని అర్థం, బ్రిటన్‌లో చర్చకు తీసుకుందామని అర్థం. ఒక దేశం ఇంగ్లీషు నేర్చుకుని మరో దేశంలో చదివేవారికి ఇలాంటివి చాలా తగులుతాయి. తెలియనప్పుడు అక్కడికక్కడే అడగడమే మేలు.

ఇక విభేదాల సంగతి. మనస్తత్వ శాస్త్రజ్ఞుడు బ్రూస్ టక్‌మన్ 1965లో చెప్పిన జట్టు దశల్లో కూడిక తర్వాత వచ్చేది ఘర్షణే. అది రాకపోతే జట్టు బాగున్నట్టు కాదు, ఎవరో మింగుకుంటున్నట్టు. మా జట్టులో మింగుకున్నది నేను. ఒక సభ్యుడు మూడు వారాలు వరుసగా తన వంతు పని ఇవ్వలేదు. అడిగితే బాగుండదేమోనని, అతనికి ఏ ఇబ్బంది ఉందోనని, గడువుకు ముందు రాత్రి ఆ పని కూడా నేనే చేసి పెట్టాను. ప్రదర్శన బాగా జరిగింది, అందరికీ సమానంగా ప్రశంస దక్కింది, నేను మాత్రం రెండు వారాలు అతనితో సరిగా మాట్లాడలేకపోయాను. అది ఔదార్యం అనుకున్నాను. మా మెంటర్ దృష్టిలో అది అతనికి విషయం తెలుసుకునే అవకాశం ఇవ్వకపోవడం. తర్వాత తెలిసిందేమంటే, తన పని తేదీ మారిందని అతను పొరబడ్డాడు.

ఇలాంటప్పుడు మాట్లాడటానికి సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ సంస్థ నేర్పే మూడు భాగాల పద్ధతి ఉపయోగపడుతుంది: సందర్భం, ప్రవర్తన, దాని ఫలితం. మీరు బాధ్యత లేకుండా ఉంటున్నారు అనడం తీర్పు. మంగళవారం సమావేశానికి సర్వే ప్రశ్నలు వస్తాయని అనుకున్నాం, అవి రాలేదు, అందువల్ల బుధవారం ముద్రణకు ఇవ్వలేకపోయాం అనడం సమాచారం. దాని తర్వాత ఏమైందో చెప్పగలరా అని ఒక ప్రశ్న చేర్చండి. అధికారానికి ఎదురు చెప్పడం అలవాటు లేనివారికి ఈ పద్ధతి మరింత సౌకర్యం, ఎందుకంటే ఇందులో ఎదుటి మనిషిని ఏమీ అనరు, జరిగిన పనిని మాత్రమే అంటారు. సమస్య తలెత్తిన వారంలోనే మాట్లాడండి. ఆలస్యం చేస్తే ఒక సంఘటన గురించి కాక మనిషి గురించే మాట్లాడవలసి వస్తుంది.

గదుల బుకింగ్, ఖర్చుల ఆమోదం, పోస్టర్ల అనుమతి వంటి వాటికి ప్రతి విశ్వవిద్యాలయంలోనూ వేర్వేరు గడువులు ఉంటాయి. మొదటి వారంలోనే ఒక పాత సభ్యుడిని పట్టుకుని వాటి తేదీలు రాయించుకోండి.

ఆరో అడుగు: మెంటర్, దినచర్య పుస్తకం

మెంటర్‌ను పేరు పెట్టి పిలవమంటారు. మీరు అనే గౌరవ పదమే లేని భాషలో, వయసులో పెద్దవారిని ఉత్త పేరుతో పిలవడం మొదట్లో నాలుక మీద ముల్లులా ఉంటుంది. వారు ఎలా పిలవమంటే అలాగే పిలవండి, కాని ఆ చనువు చూసి సమావేశానికి సిద్ధపడకుండా వెళ్లకండి. అన్నీ బాగానే ఉన్నాయి అన్న జవాబుతో మొదలైన సమావేశం పది నిమిషాల్లో ముగిసిపోతుంది. ముందురోజు రాత్రి మూడు వాక్యాలు పంపండి: ఈ నెల నేను ప్రయత్నించింది, ఎక్కడ ఆగిపోయాను, మీ నుంచి ఏ విషయంలో సలహా కావాలి. చదువు దెబ్బతింటున్నట్టు తోస్తే అదీ అప్పుడే చెప్పండి. నేను మెంటర్‌గా ఉన్నప్పుడు మధ్యలో మానేసిన ఇద్దరూ ముందుగా చెప్పి ఉంటే, బాధ్యత తగ్గించి వారిని జట్టులో కొనసాగించడం మాకు కష్టమయ్యేది కాదు.

దినచర్య రాయడం దాదాపు అన్ని కార్యక్రమాల్లో తప్పనిసరి, దాదాపు అందరూ చివరి రాత్రి కూర్చుని పూర్తిచేసేదీ అదే. విద్యావేత్త గ్రాహమ్ గిబ్స్ 1988లో ఇచ్చిన ఆరు మెట్ల వలయాన్ని తరచుగా నమూనాగా ఇస్తారు: ఏం జరిగింది, ఏమనిపించింది, ఏది బాగుంది ఏది బాగాలేదు, ఎందుకలా జరిగింది, ఇంకేం చేసి ఉండవచ్చు, ఈసారి ఏం చేస్తాను. ఆరింటినీ ప్రతివారం నింపనవసరం లేదు. సమావేశమైన రోజే పావుగంట కూర్చుని మొదటిదీ చివరిదీ రాసినా చాలు. మొదటి చిత్తుప్రతిని తెలుగులో రాసుకోండి. అనిపించినదాన్ని రెండో భాషలో నేరుగా రాస్తే, ఆ భాషలో మనకు వచ్చిన మాటల మేరకే అనిపించినట్టు రాస్తాం.

ఏడో అడుగు: ముగింపు పనులు

చివరి నెలలో అందరి దృష్టీ ప్రదర్శన మీద, ఫొటోల మీద ఉంటుంది. మీరు మూడు పనులకు సమయం మిగుల్చుకోండి.

సిఫారసు లేఖ ఇస్తామని శిక్షకుల నుంచి ఇప్పుడే మాట తీసుకోండి, వారు ఉద్యోగాలు మారుతుంటారు. ఏడాదిలో మీరు చేసిన పనుల జాబితా తేదీలతో సహా వారికి పంపండి. మీరు రాసిన మినిట్స్ ఇందుకు అక్కరకు వస్తాయి. రెజ్యూమెలో కార్యక్రమం పేరు మాత్రమే రాస్తే చదివేవారికి ఏమీ తెలియదు. ఎంతమంది జట్టు, ఏ పని, ఎంత కాలంలో, చివరకు ఏం మిగిలింది అన్నది ఒక్క వాక్యంలో ఇమడాలి. ఏడుగురు సభ్యుల జట్టుతో రెండు సెమిస్టర్లు పనిచేసి, కొత్త విదేశీ విద్యార్థులకు మొదటి వారం తోడుండే ఏర్పాటును రూపొందించి విద్యార్థి కార్యాలయానికి అప్పగించాను అన్నట్టుగా.

మూడోది అప్పగింత పత్రం. ప్రాజెక్టులు ఎక్కువగా ఇక్కడే చచ్చిపోతాయి, ఎందుకంటే నడిపినవారు పట్టా పుచ్చుకుని వెళ్లిపోతారు. రెండు పేజీలు మించకుండా, ఏ కార్యాలయంలో ఏ పని ఎవరి బల్ల దగ్గర జరుగుతుంది, ఏ దరఖాస్తుకు ఎన్ని రోజుల ముందు కదలాలి, మేం ప్రయత్నించి వదిలేసినవి ఏవి, ఎందుకు వదిలేశాం అన్నది రాయండి. వదిలేసినవాటి భాగమే కొత్తవారికి ఎక్కువగా ఉపయోగపడుతుంది. దానితోపాటు విదేశీ విద్యార్థుల కోసం విడిగా ఒక అరపేజీ చేర్చండి: గంటల పరిమితి గురించి మీరు పంపిన ఈమెయిల్ నమూనా, కార్యాలయం నుంచి జవాబు రావడానికి పట్టిన రోజులు, చర్చకు ముందు రాసుకోవడానికి ఒక నిమిషం ఇమ్మని శిక్షకులను అడగవచ్చన్న మాట. ఆ పత్రాన్ని మీ సొంత ఖాతాలో కాకుండా కార్యక్రమం ఉమ్మడి ఫోల్డర్‌లో పెట్టండి. చదువు ముగిసిన కొన్నాళ్లకు విశ్వవిద్యాలయం మీ ఖాతాను మూసివేస్తే, సొంత ఖాతాలోని పత్రం కూడా దానితోపాటే పోతుంది.